పద్దెనిమిది దాటితే ఆటిజం పోతుందా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది పర్లాకిమిడి, గుణుపురం మధ్య రైలు పట్టాల పక్కన ఒక ఊరు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. మా ఆయన రైల్వేలో ట్రాక్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యారు. మా రెండో అబ్బాయికి 24 ఏళ్లు. ఆటిజం. పద్దెనిమిది నిండగానే స్పెషల్ స్కూలు వాళ్లు ఇక కుదరదన్నారు. అప్పటి నుంచి ఇంట్లోనే ఉన్నాడు. రైలు కూత వినబడితే గేటు దగ్గరికి పోయి నిలబడతాడు. రైలు వెళ్లాక స్టేషన్ అనౌన్స్‌మెంటు పొల్లుపోకుండా అప్పజెబుతాడు. కానీ ఆకలేస్తోందని నోరు తెరిచి చెప్పలేడు.

పెన్షన్ కోసం పంచాయతీకి, బ్లాక్ ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగాం. ‘పిల్లలకైతే ఏదో ఉంది గానీ పెద్దవాళ్ల ఆటిజానికి స్కీము లేదు, హెబొ నాహి (కుదరదు)’ అన్నారు. చిన్నప్పుడు మా పుట్టింటి అడ్రసు మీద ఆంధ్రాలో తీసిన సదరం సర్టిఫికెట్‌లో ‘బుద్ధిమాంద్యం 45 శాతం’ అని ఉంది. అది ఇక్కడ చెల్లదన్నారు. కొత్తదాని కోసం ఆస్పత్రికి తీసుకెళితే పిల్లాడు అక్కడ కూడా అనౌన్స్‌మెంటే చెప్పాడు. ‘మాటలు బాగానే వస్తున్నాయి కదా’ అని డాక్టరు పంపేశారు. బ్యాంకులో ఖాతా తెరవాలంటే కోర్టు నుంచి గార్డియన్ కాగితం తెమ్మంటున్నారు. మా తమ్ముడేమో ‘ఆధార్ పాతపట్నం మార్చేయక్కా, ఇక్కడ ఆరు వేలు వస్తుంది’ అంటున్నాడు. మార్చమంటారా? మేం పోయాక వీడి గతేంటి?

జవాబు: అమ్మా, ముందు మీ తమ్ముడి మాట తేల్చేద్దాం. మార్చకండి. ఆంధ్రాలో 2024 జులై నుంచి వికలాంగుల పెన్షన్ 6,000 రూపాయలైన మాట నిజమే. అయితే అది అక్కడ కాపురం ఉన్నవాళ్లకి. మీ అబ్బాయి అన్నం తినేది, నిద్రపోయేది ఒడిశాలో. రేపు వెరిఫికేషన్‌కి మనుషులొచ్చి ‘ఈ అబ్బాయి ఎక్కడ?’ అంటే మీ తమ్ముడు ఎవరిని చూపిస్తాడు? ఇచ్చిన డబ్బు వెనక్కి కట్టమంటారు. అటు ఆధార్ మారిన పాపానికి ఇటు ఒడిశాలో నివాసం రుజువు చేసుకోవడం మళ్లీ మొదటికొస్తుంది. రెండు రాష్ట్రాలూ మావంటే మావనుకునే కొటియా పల్లెల్లో జనం రెండు వైపుల కార్డులూ జేబులో పెట్టుకు తిరుగుతారు, అది వేరే కథ. మీ ఊరి మీద ఎవరికీ తగాదా లేదు.

ఇక ‘పెద్దవాళ్లకి స్కీము లేదు’ అన్న మాట. అంత ధీమాగా చెప్పారంటే దానికో మూలం ఉండాలి. ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 31వ సెక్షన్ ఉచిత చదువు గురించి. అది ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా వర్తిస్తుంది. స్కూలుకి పెట్టిన ఆ వయసు గీతను ఆఫీసుల్లో మొత్తం చట్టానికి పూసేశారు. ఆ చట్టం షెడ్యూల్లో 21 రకాల వైకల్యాలున్నాయి, ఆటిజం వాటిలో ఒకటి. పెన్షన్, సామాజిక భద్రత గురించి చెప్పే 24వ సెక్షన్లో గానీ, ఊళ్లో నలుగురితో కలిసి బతకడానికి కావలసిన సాయం గురించి చెప్పే 5వ సెక్షన్లో గానీ, ఎక్కువ ఆసరా అవసరమైనవాళ్ల గురించి చెప్పే 38వ సెక్షన్లో గానీ పద్దెనిమిదితో ఆపేయమని ఎక్కడా లేదు. 5వ సెక్షన్ అయితే వయసును బట్టి ఆ సాయం ఉండాలంటుంది. ఇరవై నాలుగూ వయసే కదా.

ఒక మాట దాచకుండా చెప్పాలి. 24వ సెక్షన్లో ‘ప్రభుత్వ ఆర్థిక స్తోమత మేరకు’ అన్న ముక్క ఉంది. సర్కారు తరఫు వకీళ్లు ప్రతిసారీ దీన్నే పట్టుకుంటారు. కొత్తగా డే కేర్ సెంటరు పెట్టమని అడిగినప్పుడు ఆ ముక్క మనకు అడ్డం తగులుతుంది. ఉన్న పెన్షన్ ఇవ్వకపోవడానికి మాత్రం అది సాకు కాదు.

మీ చిక్కంతా ముడిపడింది సర్టిఫికెట్ దగ్గర. పాతది చెల్లదన్నది తప్పు. వైకల్య ధ్రువపత్రం దేశమంతా చెల్లుతుందని 58వ సెక్షన్ సూటిగా చెబుతోంది, గడువు తేదీ దాటకపోతే చాలు. 45 శాతం అంటే చట్టం అడిగే 40 దాటినట్టే. కాబట్టి కొత్తది వచ్చేదాకా దాని మీదే దరఖాస్తు పెట్టండి. అయినా కొత్తది తీసుకోమనే అంటాను. ఉన్న వైకల్యం ఒకటి, రాసింది ఇంకొకటి అయితే ముందు ముందు ప్రతి ఆఫీసులోనూ అదే ప్రశ్న ఎదురవుతుంది.

ఆటిజం ఎంత శాతం అన్నది డాక్టరు ఒకసారి ఎగాదిగా చూసి తేల్చేది కాదమ్మా. దానికి ఇసా అనే భారతీయ కొలమానం ఉంది. నలభై అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు, మొత్తం డెబ్భై నుంచి ఆటిజం కిందికి వస్తుంది. మీరు గమనించాల్సింది ఏమిటంటే, విన్నమాటే చిలకలా తిరిగి చెప్పడం ఆ నలభైలో ఒక అంశం. అంటే మీవాడు అనౌన్స్‌మెంటు అప్పజెప్పడం ఆటిజం లేదనడానికి రుజువు కాదు, అక్కడ మార్కు వేయాల్సిన విషయం. మాటలొస్తున్నాయని ఇంటికి పంపేసినాయన ఆ కాగితం అసలు తీశాడా అన్నది నా అనుమానం.

ఈసారి వెళ్లేముందు ఒక నోటుబుక్కులో పది రోజులపాటు రాయండి. ఎన్నిసార్లు స్నానానికి మొరాయించాడు, ఏ చప్పుడుకి చెవులు మూసుకున్నాడు, ఆకలేసినప్పుడు ఏం చేశాడు, చొక్కా మారిస్తే ఎంతసేపు గొడవ చేశాడు. తేదీ వేసి రాయాలి. సెల్‌ఫోన్లో రెండు మూడు చిన్న వీడియోలు తీయండి. స్పెషల్ స్కూలు రిపోర్టులు ఉంటే జత చేయండి. ఇంకోటి, పరీక్ష చేసేవాళ్లు ఒడియాలో అడుగుతారు, మీవాడికి తెలుగు తప్ప రాదు. జవాబు చెప్పకపోవడం భాష వల్లా, ఆటిజం వల్లా అన్నది అప్పుడు తేలదు. తెలుగు వచ్చిన మనిషిని పక్కన ఉంచమని ముందే కాగితం మీద కోరండి. మన సరిహద్దు ఆస్పత్రుల్లో తెలుగు వచ్చిన నర్సమ్మ ఒక్కరైనా ఉండకపోరు.

దరఖాస్తు యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్‌లోనే పెట్టాలి. మీసేవా సెంటరు లాంటి చోట ఎవరైనా చేసిపెడతారు, ఆ నంబరు ఉన్న రసీదు మాత్రం వదలకండి. ఇంతకుముందు నెల రోజుల్లో సర్టిఫికెట్ ఇవ్వాలని ఉండేది, 2024 సవరణతో దాన్ని మూడు నెలలు చేశారు. ఇవ్వం అంటే ఎందుకు ఇవ్వరో రాసివ్వాలి. ఆ కాగితం చేతిలో ఉంటే 59వ సెక్షన్ కింద అప్పీలు చేయొచ్చు. పోయినసారి మీరు ఉత్త చేతులతో తిరిగొచ్చారు, అందుకే అప్పీలుకి దారి లేకపోయింది.

బ్లాక్ ఆఫీసు సంగతీ అంతే. నాలుగుసార్లు వెళ్లారు గానీ వెళ్లినట్టు ఒక్క ఆధారమూ లేదు. నోటితో అడిగితే నోటితోనే పంపేస్తారు. ఒడిశాలో మధుబాబు పెన్షన్ యోజన ఉంది, వైకల్యం ఉన్న పెద్దవాళ్లు దాని పరిధిలోకి వస్తారు. 80 శాతం, ఆపైన ఉంటే నెలకి 3,500 ఇస్తున్నారు. మీ కొత్త సర్టిఫికెట్‌లో ఎంత వస్తుందన్నదాని మీద అది ఆధారపడుతుంది. దరఖాస్తు రెండు కాపీలు తీసుకెళ్లి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయం అంటే గొడవ పడొద్దు, పోస్టాఫీసుకి పోయి స్పీడ్ పోస్టులో పంపండి. ఆ చీటీయే మీ ముద్ర.

ఒడియా రాయడం రాదని ఆగిపోయారేమో. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఫిర్యాదును రాష్ట్రంలో గానీ కేంద్రంలో గానీ వాడే ఏ భాషలోనైనా ఏ అధికారికైనా ఇవ్వొచ్చు. తెలుగులో ఇస్తే ‘తీసుకోం’ అనడానికి వీల్లేదు. ఇది హక్కు మాట. పని మాట వేరే ఉంది. చదివే గుమస్తాకి తెలుగు రాకపోతే కాగితం అడుగున పడుతుంది. కింద ఒడియాలో ఎవరిచేతనైనా నాలుగు వాక్యాలు రాయించి అతికించండి.

అందులో కథంతా రాయనక్కర్లేదు. ‘మా కుమారుడు ఆటిజం ఉన్న 24 ఏళ్ల వ్యక్తి. 2016 చట్టం 24వ సెక్షన్ కింద పెన్షన్ కోరుతున్నాం. ఇవ్వడం కుదరకపోతే ఏ నిబంధన కింద కుదరదో లిఖితపూర్వకంగా తెలపండి.’ ఈ చివరి వాక్యం ముఖ్యం. ‘హెబొ నాహి’ అనడానికి ఎవరూ జంకరు గానీ, అదే మాట కింద సంతకం పెట్టమంటే చాలామంది ఫైలు తిరగేస్తారు. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను.

నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు వేసి, మీ అర్జీ ఏ బల్ల మీద ఉందో అడగండి. ఒడిశాలో దానికి ఫారం–ఎ ఉంటుంది, తెల్లకాగితం మీద రాస్తే తిప్పి పంపుతారు. సోమవారాల్లో కలెక్టరు గ్రీవెన్స్ పెడతారు కదా, అక్కడికి ఈ కాగితాలన్నీ పట్టుకుని అబ్బాయిని తీసుకెళ్లకుండా మీరొక్కరే వెళ్లండి. ఆ జనంలో, ఆ మైకుల్లో వాడు తట్టుకోలేడు. అక్కడా కాకపోతే భువనేశ్వర్‌లో రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి పోస్టులో ఫిర్యాదు పంపండి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కమిషనర్‌కి సాక్షుల్ని పిలిపించి, రికార్డులు తెప్పించే సివిల్ కోర్టు అధికారాలున్నాయి. ఆయన సిఫార్సు చేస్తే మూడు నెలల్లో అమలు చేయాలి, లేదా ఎందుకు చేయలేదో చెప్పాలి.

బ్యాంకు వాళ్లు కోర్టు కాగితం అడగడం తెలియక. ఆటిజం ఉన్నవాళ్లకి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఉంది. దాని కింద జిల్లాకో లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది, అందులో కలెక్టరు స్థాయి అధికారి, ఒక సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న ఒక వ్యక్తి ఉంటారు. పద్దెనిమిది దాటిన బిడ్డకి తల్లిదండ్రులు వాళ్లంతట వాళ్లే గార్డియన్లు కారు, అడిగి తీసుకోవాలి. మీరిద్దరూ కలిసి ఫారం–ఎ లో దరఖాస్తు ఇస్తే కమిటీ విచారించి నియమిస్తుంది. ఆ సర్టిఫికెట్‌ను ఖాతాలకు ఒప్పుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2007లోనే బ్యాంకులకు చెప్పింది. మేనేజరుకి ఆ సంగతి రాసివ్వండి. ఆస్తి ఏదైనా ఉంటే ఆరు నెలల్లో జాబితా, తర్వాత ఏటా లెక్క కమిటీకి ఇవ్వాలని మరిచిపోకండి.

అయితే గార్డియన్ అనే మాట విని పరుగులు పెట్టేవాళ్లని నేను కాస్త ఆపుతాను. ఆటిజం ఉన్నంత మాత్రాన మనిషి సంతకానికి పనికిరానివాడైపోడు. తన డబ్బు తను చూసుకునే హక్కు 2016 చట్టం 13వ సెక్షన్ ఇచ్చింది. మీవాడి సంగతి చూస్తే అవసరమనే అనిపిస్తోంది. అయినా వాడి నుదుట ఆ ముద్ర వేసేముందు ఒకసారి ఆలోచించండి.

ఇప్పుడు మీరు అడగని విషయం. అన్నిటికన్నా పెద్దది ఇదే. మీవారు రైల్వేలో చేశారన్నారు. మీవారి తర్వాత ఫ్యామిలీ పెన్షన్ మీకు వస్తుంది, మీ తర్వాత ఆగిపోతుందని అనుకుంటున్నారేమో. సొంతంగా సంపాదించుకోలేని వైకల్యం ఉన్న బిడ్డకి అది జీవితాంతం వస్తుంది, పాతికేళ్ల వయసు అడ్డం లేదు. కేంద్ర ఫ్యామిలీ పెన్షన్‌లో కనీస మొత్తమే నెలకి 9,000, దాని మీద కరువు భత్యం. మధుబాబు పెన్షన్ దీని ముందు ఎంత? మీవారు ఉండగానే పీపీఓలో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వులో) అబ్బాయి పేరు ఎక్కించాలి. పీపీఓ ఇచ్చిన డివిజన్ ఆఫీసు పర్సనల్ శాఖకి వైకల్య సర్టిఫికెట్, తను సంపాదించుకోలేడన్న వైద్య ధ్రువపత్రం, గార్డియన్ కాగితం జతచేసి ఆయనే రాయాలి. ఇద్దరూ పోయాక పెద్దబ్బాయి ఈ కాగితాలన్నీ పోగుచేయాలంటే ఎంత టెన్షనో నాకు తెలుసు. నా దగ్గరకొచ్చిన ఒక అన్నగారికి ఇలాంటిదే తేలడానికి మూడేళ్లు పట్టింది, ఆ మూడేళ్లూ చెల్లెల్ని ఆయనే సాకాడు.

ఇంటి స్థలం కొడుకు పేర రాసేద్దామనుకుంటున్నారేమో, తొందరపడి రాయకండి. దాన్ని చూసేవాడు ఎవరో తేలకుండా పేరు మాత్రం పెడితే అది ఇతరుల నోట్లో పడుతుంది. చిన్న ట్రస్టు రాయడం మేలు, దాని గురించి కాగితాలు చూసి మాట్లాడదాం.

పగలంతా వాడిని ఎక్కడ ఉంచాలన్న దానికి నా దగ్గర తేలిక జవాబు లేదు. నేషనల్ ట్రస్ట్ పథకాల్లో పెద్దవాళ్లకి పగటి సంరక్షణ కేంద్రం, జీవితకాలపు ఇల్లు రెండూ ఉన్నాయి గానీ అవి రిజిస్టరయిన సంస్థలు నడిపితేనే నడుస్తాయి. మీ దగ్గరలో అలాంటిది ఉంటే డీఎస్ఎస్ఓ (జిల్లా సామాజిక భద్రత అధికారి) ఆఫీసులో చెప్పాలి, జాబితా అడగండి. లేకపోతే ఆ ‘లేదు’ కూడా రాయించుకోండి. మీలాంటి నాలుగైదు ఇళ్లు కలిసి అర్జీ పెడితే దాని బరువు వేరు. ఆ రైలు లైను పొడుగునా మీ ఒక్కరి ఇల్లే అయి ఉండదు. ఈలోగా నిరామయ ఆరోగ్య బీమాలో చేర్పించండి. ఏడాదికి లక్ష దాకా ఖర్చు ఇస్తుంది, థెరపీ కూడా అందులో ఉంటుంది.

ఖర్చుకి భయపడొద్దు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకీ వైకల్యం ఉన్నవాళ్లకీ ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ ఆఫీసు ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా సరే. అన్నట్టు ఆ నోటుబుక్కు ఈ రాత్రే మొదలుపెట్టండి. మొదటి పేజీలో ఇవాళ ఎన్ని రైళ్లకు గేటు దగ్గరికి వెళ్లాడో రాయండి.