మలావీలో రాని ఇబ్బంది సికింద్రాబాద్‌లో వచ్చింది

ప్రశ్న: మేమిద్దరం హైదరాబాద్ నుంచి ఆఫ్రికాలో ఒక దేశానికి మిషనరీలుగా వెళ్ళాలనుకుంటున్నాం. పెద్దబాబుకి మూడేళ్ళు, పాపకి ఏడాది. అంత చిన్నపిల్లల్ని తీసుకెళ్ళి వాళ్ళని ఇబ్బంది పెడుతున్నామా? వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

వెళ్ళొచ్చినదాన్నే కాబట్టి చెబుతాను. 2011లో మేం బయల్దేరేనాటికి మా పెద్దదానికి నాలుగేళ్ళు, చిన్నోడికి ఏడాది నిండి రెండు నెలలు. నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఎల్లో ఫీవర్ టీకాలు వేయించుకుని, ఆ పసుపు కార్డులు పాస్‌పోర్టుల్లో పెట్టుకుని, ముంబై నుంచి అడిస్ అబాబా మీదుగా మలావీలోని బ్లాంటైర్ చేరాం. 2017 జూన్‌లో తిరిగొచ్చి పద్మారావునగర్‌లో మా అమ్మవాళ్ళింట్లో దిగాం.

నా జవాబు ముందే చెప్పేస్తాను. పిల్లలు అక్కడ ఇబ్బంది పడరు. పడితే గిడితే తల్లి పడుతుంది. పిల్లలకి కష్టం తిరిగొచ్చాక మొదలవుతుంది, మన ఊళ్ళో, మనవాళ్ళ మధ్య. మాతో కలిపి నాలుగు కుటుంబాలను చూసి చెబుతున్న మాట ఇది. కాదని ఎవరన్నా నేను ఒప్పుకోను.

మతం మార్చడానికి వెళ్ళారా అని కింద కామెంట్లలో అడగబోయేవాళ్ళకి కూడా ఇక్కడే చెబుతున్నా. మలావీలో నూటికి డెబ్బై మందికి పైగా ఇప్పటికే క్రైస్తవులు. మా ఆయన పల్లె పాస్టర్లకు బైబిల్ పాఠాలు చెప్పేవారు. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. పెళ్ళికి ముందు సికింద్రాబాద్‌లో చేసిన పనే అక్కడ ఒక చిన్న ఆస్పత్రిలో చేశాను. అక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు. ఆ నెలల్లో మలేరియా స్లైడ్లు తప్ప ఇంకేం కనపడేవి కావు. నిద్రలో కూడా అవే.

పిల్లల సంగతికొస్తే, ఆరు నెలలు తిరిగేసరికి మా పెద్దది చిచేవా భాష గడగడా మాట్లాడేది. నేను రెండేళ్ళకి కూడా కూరగాయల బేరం దాటి పోలేదు. పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది. అందరూ అగోగో అనేవాళ్ళు, అంటే అవ్వ. మా చిన్నోణ్ణి చితేంజే గుడ్డతో వీపుకి బిగించి కట్టుకుని మొక్కజొన్న దంచేది. ఆ దంపుడికి వాడు హాయిగా నిద్రపోయేవాడు. ఇక్కడ వాణ్ణి పడుకోబెట్టడానికి రాత్రి పదకొండింటికి స్కూటర్ మీద చిలకలగూడ దాకా తిప్పినదాన్ని నేను! కరెంటు పోయేది, నీళ్ళు పోయేవి, పిల్లలు పట్టించుకునేవాళ్ళు కాదు. లింబేలో గుజరాతీల దుకాణాల్లో కందిపప్పు దొరికేది, ఆదివారం పూట పప్పుచారు. మిగతా రోజుల్లో వాళ్ళకి న్సిమా, అంటే మొక్కజొన్న పిండి ముద్ద కావాలి, గుమ్మడాకు కూర కావాలి. సాయంత్రం ఆరు కొట్టేసరికి దోమతెర కిందకి దూరాలి. ఈ ఒక్కదానికే పోట్లాట.

తెలుగు మాత్రం తేడా కొట్టింది. ఇంట్లో ఉన్న తెలుగు పుస్తకం బైబిల్ ఒక్కటే, దానితోనే మా పెద్దదానికి అక్షరాలు నేర్పాను. ఫలితం ఏమిటంటే, ఇక్కడికి వచ్చిన రెండో రోజు ఆటో అతన్ని పట్టుకుని “అయ్యా, మీరు ఎచ్చటికి పోవుచున్నారు?” అని అడిగింది. అతను మీటరు వేయడం మర్చిపోయి నా మొహం చూశాడు. నిజానికి మీటరు వేసే ఉద్దేశం అతనికి ముందు నుంచీ లేదనుకోండి, అది వేరే సంగతి.

ఇక అసలు కథ. వచ్చి నెల కాలేదు, లష్కర్ బోనాల ఆదివారం మధ్యాహ్నం చిన్నోడికి వణుకు పట్టుకుంది. రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు కొట్టుకుంటున్నాయి. గంట తర్వాత చూస్తే నూట మూడు దాటింది. మహంకాళి గుడి వైపు దారులన్నీ మూసేశారు, ఆటోలు రామంటున్నాయి. డప్పుల చప్పుడు మధ్య మా ఆయన వాణ్ణి భుజాన వేసుకుని నడుచుకుంటూ ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకొచ్చారు. పేరు చెప్పను.

ప్లేట్‌లెట్లు అరవై ఎనిమిది వేలు. డ్యూటీ డాక్టరు చూడగానే “డెంగీ అమ్మా, సీజనే కదా” అన్నాడు. నేను మలావీ నుంచి వచ్చామని, మలేరియా చూడమని మూడుసార్లు చెప్పాను. “హైదరాబాద్‌లో ఇప్పుడు మలేరియా ఎక్కడుందమ్మా” అన్నాడు. హైదరాబాద్‌ది కాదయ్యా బాబూ, మేం వెంట తెచ్చుకున్నదని నా గోల. మలేరియాలో కూడా ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అది ల్యాబ్‌లో పనిచేసే ప్రతి పిల్లకీ తెలుసు. చివరికి నా పోరు పడలేక స్మియర్, అంటే రక్తపు చుక్కని స్లైడ్ మీద పూసి చూసే పరీక్ష రాశాడు. గంటలో రిపోర్ట్ వచ్చింది, ఎం.పి. (మలేరియా క్రిమి) కనపడలేదని.

ఈలోపు మా అమ్మ స్టీలు గ్లాసులో బొప్పాయి ఆకు రసం పట్టుకుని దిగింది. డెంగీ అనే మాట ఫోన్‌లో విన్నదట, అంతే. వాడు ఒక గుక్క తాగి గోడ మీదకి ఉమ్మేశాడు. తర్వాత “మాద్జీ, మాద్జీ” అని మొదలుపెట్టాడు. నర్సు పాపం మంచమ్మాయి, దగ్గరికొచ్చి, “మ్యాగీ ఇప్పుడు పెట్టకూడదు నాన్నా, తగ్గాక మమ్మీ చేసి పెడుతుంది” అని తల నిమిరింది. వాడు ఏడుపు అందుకున్నాడు. మాద్జీ అంటే చిచేవాలో నీళ్ళు. జ్వరం పెరిగితే వాడికి తెలుగు పోతుంది, ఇంగ్లీషు పోతుంది, అగోగో భాష ఒక్కటే మిగులుతుంది. నీళ్ళు అడుగుతున్న పిల్లాడికి మ్యాగీ లేదని చెబుతుంటే నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వుతోనే ఏడుపూ వచ్చింది.

లేచి నేరుగా కింద ల్యాబ్‌కి పోయాను. నైట్ డ్యూటీలో ఇరవై ఏళ్ళ కుర్రాడు ఒక్కడే ఉన్నాడు, టేబుల్ నిండా ట్యూబులు. స్లైడ్ ఇమ్మంటే “రూల్స్ ఒప్పుకోవక్కా” అన్నాడు. పన్నెండేళ్ళు ఈ పనే చేశాను తమ్ముడూ, నువ్వు పక్కనే కూర్చో అన్నాను. ఏమనుకున్నాడో కుర్చీ వదిలాడు. స్లైడ్‌కి రంగు (స్టెయిన్) బాగానే వేశాడు, తప్పు పట్టడానికి లేదు. తొందరలో పది ఫీల్డులు (లెన్స్‌లో ఒక్కసారికి కనపడేంత మేర ఒక ఫీల్డు) చూసి పక్కన పెట్టి ఉంటాడు. ఆయిల్ చుక్క వేసి మైక్రోస్కోప్ వంద లెన్స్ కిందకి దించి కూర్చున్నా. పది, పదిహేను, ఇరవై. ఏం లేదు. ఇరవై మూడో ఫీల్డులో ఒక ఎర్రకణం అంచుకి ఆనుకుని సన్నటి నీలం రింగు, దాని మీద ఎర్ర చుక్క. చెవికి పెట్టుకునే చిన్న రింగుకి కెంపు పొదిగినట్టు ఉంటుంది. పక్క కణంలో అలాంటివే రెండు. ఒకే కణంలో రెండు రింగులుంటే ఫాల్సిపారం అని అనుమానించాలి, మలేరియాల్లో ప్రాణం మీదికి తెచ్చేది అదే. అలాంటి స్లైడ్లు వేలకు వేలు చూశాను. ఏ తల్లి పిల్లాడో అనుకుని కౌంటు రాసి తర్వాతది తీసేదాన్ని. ఆ రోజు కూడా అలవాటు కొద్దీ బయటకే లెక్కపెట్టుకుంటూ పోయాను, ఒకటి, రెండు, మూడు... “అక్కా, చాలక్కా” అని ఆ పిల్లాడే ఆపి పైకి ఫోన్ చేశాడు.

తర్వాత ఏ గొడవా లేదు. పెద్ద డాక్టరుగారు వచ్చి తానే స్లైడ్ చూసి ఆర్టెసునేట్ ఇంజెక్షన్ మొదలుపెట్టించారు. మర్నాటి సాయంత్రానికి వాడు లేచి కూర్చున్నాడు. అప్పుడు మా సూట్‌కేసులో ఉన్న కోఆర్టెం అనే మలేరియా మాత్రల ప్యాకెట్ తెప్పించాం. మలావీ వదిలేటప్పుడు ప్రతి ఒక్కరూ వెంట తీసుకెళ్ళమనే మందు అది. మూడు రోజుల్లో ఆరు డోసులు, ఖాళీ కడుపున వేస్తే సరిగ్గా పనిచేయదు, పాలు గానీ నూనె తిండి గానీ ఉండాలి. మా అమ్మ దానికి సంతోషంగా నెయ్యి వేసి పెసరట్లు పోసింది.

డిశ్చార్జి రోజు మా ఆయన ఒక మాట అన్నారు. సర్ రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుక్కున్నది బేగంపేటలో. మేమున్న ఆస్పత్రి నుంచి ఆటోలో పావుగంట. హుసేన్ ఖాన్ అనే రోగి ఒక్కో దోమతో కుట్టించుకున్నందుకు అణా చొప్పున తీసుకున్నాడని చెబుతారు. ఆ ఊళ్ళో కూర్చుని మలేరియా చూడండయ్యా అని నేను బతిమాలుకోవాల్సి వచ్చింది.

సంఘం సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నాకు తిన్నది అరగదు. వాడు కోలుకున్న రెండో ఆదివారం మందిరంలో ఆరాధన మధ్యలో పిల్లలిద్దర్నీ ముందుకి పిలిచి “ఆఫ్రికా భాషలో ఒక పాట పాడండి బాబూ” అన్నారు. ఆఫ్రికా భాష అని ఒకటి ఉందా? పెద్దది పాడింది. వాడు పల్పిట్ వెనక్కి పోయి కూర్చున్నాడు. బయటికొచ్చాక స్త్రీల సమాజం అక్కయ్యలు చుట్టూ మూగి “అయ్యో, పిల్లలు ఎంత నల్లబడ్డారమ్మా!” అన్నారు. నా పిల్లలు పుట్టుకతోనే నా రంగు. పిడికెడు బియ్యం తీసిపెట్టి, ఆ డబ్బు మాకు పంపిన చేతులే అవి, అందుకే నోరు మూసుకున్నాను. కానీ ఇంటికొచ్చి పెద్దది అద్దం ముందు చాలాసేపు నిలబడింది.

స్కూలు గొడవ ఇంకోటి. ఇంట్లో చదివిన పిల్లకి టీసీ ఎక్కడి నుంచి తేవాలి? అది తేలేసరికి 2018లో తెలంగాణలో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది, ఒకటి, ఆరు తరగతులతో మొదలు. మా పిల్ల సరిగ్గా ఆరో తరగతి. పరీక్షలో వ్యాసం మొత్తం గ్రాంథికంలో రాసింది. తెలుగు మేడమ్ మార్కులు వేయాలో, ఆశీర్వాదం తీసుకోవాలో తెలియక నన్ను పిలిపించింది.

సండే స్కూల్లో మనందరికీ ఆఫ్రికా వెళ్ళిన మిషనరీ లివింగ్‌స్టన్ కథ చెప్పారు. మేం ఉన్న బ్లాంటైర్‌కి ఆయన పుట్టిన ఊరి పేరే పెట్టారు. ఆయన భార్య మేరీ కథ ఎవరైనా చెప్పారా? 1852లో ఆయన భార్యాపిల్లల్ని ఓడెక్కించి బ్రిటన్‌కి పంపించేసి తన దారిన తాను వెళ్ళాడు. ఆవిడ చివరికి భర్త దగ్గరికి చేరి, 1862లో జాంబెజీ ఒడ్డున షుపాంగాలో జ్వరంతో పోయింది. పిల్లలు తండ్రికి కొత్తవాళ్ళలాగే పెరిగారు. మా ఆయనకి ఈ కథ మొదటి ఏడాదే చెప్పి, నన్నూ పిల్లల్నీ ఎక్కడికీ పంపే ఆలోచన పెట్టుకోవద్దన్నాను. తెల్లవాళ్ళ మాట అటుంచండి, 1903లోనే నెల్లూరు ప్రాంతం నుంచి జాన్ రంగయ్యగారు దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి, అక్కడి తోటల్లో పనిచేసే తెలుగు కూలీల కోసం మిషనరీగా వెళ్ళారు. ఆయన పేరు మా సంఘంలో ముగ్గురికి తెలిస్తే గొప్ప.

మీ ప్రశ్నకి తిరిగొస్తాను. తీసుకెళ్ళండి. పాపకి తొమ్మిది నెలలు దాటాయి కాబట్టి ఎల్లో ఫీవర్ టీకా వేయిస్తారు, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోండి. దోమతెరలు అక్కడే కొనండి. తెలుగు కథల పుస్తకాలు ఓ పది పెట్టుకోండి, నాలాగా చేయకండి. తిరిగొచ్చాక ఆరు నెలలు పిల్లల్ని ఏ స్టేజీ ఎక్కనిచ్చేది లేదని మీ పాస్టరుగారికి ఇప్పుడే, కానుకలు పోగుచేయకముందే చెప్పేయండి. జ్వరం వస్తే ఏ దేశం నుంచి వచ్చారో డాక్టరుకి మొదటి వాక్యంలో చెప్పండి, రెండో వాక్యం దాకా వినే ఓపిక వాళ్ళకి ఉండదు.

చిన్నోడికి ఇప్పుడు పదిహేనేళ్ళు. పోయిన వారం వాడే మొక్కజొన్న పిండి తెచ్చి, పెద్ద గిన్నెలో చెక్క గరిటెతో చెమటలు పట్టేదాకా కలిపి న్సిమా చేశాడు. గోంగూర వేసుకుని అందరం తిన్నాం. మా అమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి, మింగి, “ఇది సంకటే కదరా, దీనికోసమా మీ అమ్మ మిమ్మల్ని అంత దూరం తీసుకుపోయింది?” అంది.