బ్రోకరు ఎవరి మనిషో ముందు తేల్చుకోరా

ఒరేయ్ చిన్నా, కొంపల్లిలో ఫ్లాట్ చూస్తున్నావంట, అక్క చెప్పింది. మంచిదే, కానీ బ్రోకర్ కారెక్కి సైట్లు తిరిగే ముందు ఒక్క మాట అడుగు, "నువ్వు నా తరఫునా, అమ్మేవాళ్ళ తరఫునా" అని. రెండు వైపులా కమిషన్ తీసుకోవడం మన దగ్గర మామూలే, తీసుకోనీ, కానీ దాచకూడదు.

2014లో ప్లాట్ కొన్నప్పుడు నాకేమైందో మీ అత్తకి తప్ప ఎవరికీ తెలీదు. ఓనరు గజానికి పైసా తగ్గనంటున్నాడని బ్రోకరు చెప్తే నమ్మి అడ్వాన్స్ ఇచ్చేశా, తీరా రిజిస్ట్రేషన్ రోజు టీ కొట్టు దగ్గర ఓనరుతో మాట కలిపితే ఆయనకి ముట్టే రేటు వేరే! పాపం పెద్దాయన సంచిలోంచి అగ్రిమెంట్ జిరాక్స్ తీసి చూపించాడు, కొనేవాడి పేరు చూస్తే మా బ్రోకరు బావమరిది. ముందే బయానా కట్టేసి, పైన మార్జిన్ వేసుకుని నాకు తిప్పారన్నమాట, మళ్ళీ నా దగ్గర 2 శాతం కమిషన్ కూడానూ. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో 215, 216 సెక్షన్లు ఇలాంటి వాటికే, ఏజెంటు మనకి చెప్పకుండా దాచిపెట్టి సొంత బేరం చేసుకుంటే డీల్ వద్దనొచ్చు, వాడు తిన్న లాభం కక్కమనీ అడగొచ్చు. నాకది తెలిసేసరికి ప్లాట్‌లో ఇల్లు లేచిపోయింది.

ఇప్పుడు రెరా, అదే రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల్ని, ఏజెంట్లని కట్టడి చేసే చట్టం, ఉంది కాబట్టి కొంచెం నయం. కొత్త ప్రాజెక్టులో అమ్మే ఏజెంటుకి రెరా రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి, లేకపోతే రోజుకి 10,000 పెనాల్టీ, అది ఆ ఫ్లాట్ ధరలో 5 శాతం దాకా పోవచ్చు. విజిటింగ్ కార్డు మీద నంబర్ చూసి మురిసిపోకు, తెలంగాణ రెరా సైట్‌లో నువ్వే కొట్టి చూడు. ప్రీ లాంచ్ అంటే, అంటే ప్రాజెక్టుకి రెరా రిజిస్ట్రేషన్ రాకముందే అమ్ముతామంటే, ఫోన్ పెట్టేయ్. 10 శాతం మించి కట్టమంటే ముందు సేల్ అగ్రిమెంట్ రిజిస్టర్ చెయ్యమను. పాత ఫ్లాట్ రీసేల్‌కైతే ఈ రెరా నంబర్ గొడవ ఉండదు, అందుకే అక్కడ నోటిమాట అస్సలు పనికిరాదు.

కమిషన్ ఎంత, ఎప్పుడు, బేరం చెడితే ఏంటి, ఈ మూడూ కాగితం మీద రాయించు. అగ్రిమెంట్ రోజే సగం ఇమ్మంటాడు, ఒప్పుకోకు. వేరే ఒప్పందం లేకపోతే పని పూర్తయ్యాకే ఇవ్వాలని అదే కాంట్రాక్ట్ చట్టం 219 సెక్షన్ చెప్తోంది, కాబట్టి "రిజిస్ట్రేషన్ అయ్యాక" అని రాయించి బ్యాంకులోనే వెయ్.

వాడిచ్చిన కాగితం సంతకం పెట్టకముందే వాట్సాప్ చెయ్, ఆదివారమైతే సైట్‌కి నేనూ వస్తా.