క్రైస్తవ ప్రాథమిక పాఠశాలలో విద్యా సంవత్సరం చివరి రోజు: పర్లాకిమిడి నుంచి ఒక ఉపాధ్యాయురాలి సమాధానం

క్రైస్తవ యాజమాన్యంలోని ప్రాథమిక పాఠశాలల్లో విద్యా సంవత్సరం ఎలా ముగుస్తుందో, ఆ రోజున ఉపాధ్యాయులు తమ ఏడాది పనిని ఎలా చూసుకొంటారో అనుభవం ఉన్నవారు చెప్పాలని మీరు అడిగారు. వచ్చే ఏడాది మీ పాపను అటువంటి బడిలో చేర్చే ఆలోచన ఉందని, చివరి రోజున జరిగే ప్రార్థన సభ గురించి కొంత సందేహం ఉందని కూడా రాశారు. నేను ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రమైన పర్లాకిమిడిలో క్రైస్తవ సంఘం నడిపే ఒక ప్రాథమిక పాఠశాలలో 26 ఏళ్ళు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం నాలుగు, ఐదు తరగతులకు క్లాస్ టీచరుగా ఉన్నాను. సభ సంగతి త్వరగానే చెప్పేయవచ్చు. నేను ఎక్కువగా చెప్పదలచుకొన్నది ప్రోగ్రెస్ కార్డులో అట్టడుగున రిమార్కుల కోసం వదిలే రెండు గీతల గురించి.

ప్రభుత్వ లెక్క ప్రకారం ఒడిశాలో ఏప్రిల్‌లోనే కొత్త తరగతులు మొదలవుతాయి గాని, మా బడికి హాస్టలు ఉంది కనుక, కొండ ఊళ్ళ పిల్లలు వేసవి సెలవులకు పెట్టెలు సర్దుకొనే రోజునే మేము ముగింపుగా లెక్కపెట్టుకొనేవాళ్ళం. ఆ ఉదయం కృతజ్ఞతా ప్రార్థన ఉంటుంది. పాస్టరు గారు 121వ కీర్తన చదువుతారు. మనుషుల రాకపోకలను దేవుడు కాపాడతాడని చెప్పే కీర్తన కనుక, దూరప్రయాణం చేయబోయే పిల్లల ముందు దానిని చదవడం మాకు ఆనవాయితీ అయింది. తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి, కొండల్లోని గిరిజనుల భాష అయిన సవరలో ఒకటి పాటలు పాడతారు. తరువాత హాజరుకు, వాక్య కంఠస్థానికి, చేతిరాతకు బహుమతులు ఇస్తారు. స్టీలు గ్లాసో, జామెట్రీ బాక్సో తప్ప అవి పెద్దవేమీ కావు. ఈస్టరు మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య ఎప్పుడైనా రావచ్చు కాబట్టి ఆ రోజు తీరు ఏటేటా మారుతుంది. 2024లో వలె మార్చి 31నే పండుగ అయిపోతే సభలో డోలు, తాళాలు, మిఠాయిలు అన్నీ ఉంటాయి. 2025లో వలె ఏప్రిల్ 20న వస్తే, సెలవుల రోజు ఈస్టరుకు ముందు ఉపవాస ప్రార్థనలతో గడిపే శ్రమల దినాల్లోనే పడి, పాటలు సైతం మెల్లగా సాగుతాయి. నాకైతే మెల్లగా సాగిన ఏళ్ళే ఎక్కువ గుర్తున్నాయి.

మీ సందేహానికి సంబంధించిన మాట ఒకటి. ప్రభుత్వ గుర్తింపు గాని, ప్రభుత్వ నిధుల సాయం గాని ఉన్న విద్యాసంస్థలో, సంరక్షకుల సమ్మతి లేకుండా మైనరు పిల్లలను మతబోధకు, ఆరాధనకు హాజరు కావాలని నిర్బంధించరాదని రాజ్యాంగంలోని 28వ అధికరణం మూడవ క్లాజు చెబుతుంది. మా బడిలో క్రైస్తవేతరుల పిల్లలు చాలామంది ఉండేవారు. చేర్చుకొనే రోజునే హెడ్‌మిస్ట్రెస్ ఈ సంగతి చెప్పేవారు. వద్దనుకొన్నవారి పిల్లలు సభ జరిగినంతసేపు తరగతి గదిలో బొమ్మలు గీసుకొనేవారు. అయితే బహుమతులు సభలోనే ఇచ్చేవారు కనుక, గదిలో కూర్చోవడానికి ఏ పిల్లవాడూ ఇష్టపడేవాడు కాదు. సమ్మతి కాగితం మీద ఉంది గాని పిల్లవాడికి లేదు అని నాకు అనిపించేది. బహుమతులను సభ నుంచి విడదీయమని రెండుసార్లు అడిగాను, రెండోసారి ఒప్పుకొన్నారు. మీ పాపను చేర్చే ముందు ఈ ఒక్క విషయం అడిగి తెలుసుకోండి.

ఇక ఆ రెండు గీతల సంగతి. వాటి బరువు తెలియాలంటే మా ఊరి పరిస్థితి కొంత తెలియాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం అందులో చేరింది; కూతవేటు దూరంలోని పాతపట్నం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయి నేడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది. మా బజారులో బేరాలు తెలుగులో సాగుతాయి, కచేరీ పనులు ఒడియాలో జరుగుతాయి, పట్టణం దాటి గుమ్మ వైపో, సెరంగో వైపో కొండలెక్కితే వినిపించేది సవర. 2011 జనాభా లెక్కల ప్రకారం గజపతి జిల్లా జనంలో సగానికి పైగా గిరిజనులు, సుమారు 38 శాతం క్రైస్తవులు. కాబట్టి మా బడిలో ఏ తరగతి గదిలో చూసినా మూడు ఇంటి భాషల పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చొనేవారు. పాఠం ఒడియాలో, రెండో పుస్తకం ఇంగ్లీషులో, తిట్టుకోవడం తెలుగులో జరిగేవి.

అటువంటి బడిలో ఏడాది చివర ఇంటికి వెళ్ళే ఒకే ఒక కాగితం ప్రోగ్రెస్ కార్డు. మార్కులు తెలుసుకోవాలన్న ఆత్రుత తల్లిదండ్రులకు అంతగా ఉండదు. "మా గుంటడు పాసైపోనాడేటి టీచరమ్మా?" అని తెలుగు తల్లులు గేటు దగ్గరే అడిగేవారు, జవాబు ఎప్పుడూ ఒకటే. 2010 ఏప్రిల్ 1న విద్యా హక్కు చట్టం అమలులోకి వచ్చిన తరువాత ఎనిమిదో తరగతి వరకు ఎవరినీ అదే తరగతిలో ఆపకూడదన్నారు. 2019 నాటి సవరణతో ఐదు, ఎనిమిది తరగతుల్లో ఆపే వీలు మళ్ళీ వచ్చింది గాని, మిగిలిన తరగతుల పిల్లలు అందరూ పైకి వెళ్ళవలసినవారే. అందరూ పాసైనప్పుడు, ఏడాదంతా తమ బిడ్డను చూసిన మనిషి ఆ బిడ్డ గురించి ఏమనుకొంటున్నదో ఆ రెండు గీతలే చెప్పాలి. మేమేమో మాకు అలవాటైన నాలుగు మాటలలో ఏదో ఒకటి రాసేవాళ్ళం: బాగుంది, పరవాలేదు, ఇంకా కృషి అవసరం, శ్రద్ధ లోపించింది. నేను ఒకే రాత్రి కిరసనాయిలు దీపం ముందు 43 కార్డులు పూర్తిచేసిన సంవత్సరం కూడా ఉంది. అప్పుడు దానిని పనిమంతురాలి లక్షణం అనుకొన్నాను.

నేను ఉద్యోగంలో చేరి పదేళ్ళయిన తరువాత నాలుగో తరగతిలో ఒక సవర అమ్మాయి ఉండేది. లెక్కలు చకచకా చేసేది, పాఠం చదవమంటే లేచి నిలబడి పుస్తకం వైపు చూస్తూ ఉండిపోయేది. మార్చిలో మూడు వారాలు బడికి రాలేదు. ఆమె కార్డు మీద నేను ఒడియాలో, "చదవడంలో వెనుకబడి ఉంది, శ్రద్ధ లేదు" అని రాశాను. చివరి రోజున తల్లి వచ్చింది. ఆమెకు ఒడియా అక్షరాలు రావు. పక్కన ఉన్న పెద్ద కొడుకు చదివి, సవరలోకి మార్చి, అందరూ వింటుండగా బిగ్గరగా చెప్పాడు. అతడు ఎన్ని మాటలతో చెప్పాడో నాకు తెలియదు, నా రెండు ముక్కల కన్నా చాలా ఎక్కువ మాటలు దొర్లాయి. తల్లి కూతురి వైపు చూడలేదు, నా వైపు చూసింది. చూసి, నమస్కారం చేసి, ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకొని వెళ్ళిపోయింది. జూన్‌లో ఆ పిల్ల తిరిగి రాలేదు. ఊరి దగ్గరి బడిలో వేశారని తరువాత తెలిసింది. దానికి నా వాక్యమే కారణమని చెప్పలేను, కాదని కూడా చెప్పలేను.

మార్చిలో మూడు వారాలు ఎందుకు రాలేదో నేను అడగలేదు. మా కొండ ఊళ్ళలో మార్చి, ఏప్రిల్ నెలలు ఇప్పపూలు ఏరుకొనే కాలం, జీడిమామిడి తోటల్లో పని దొరికే కాలం; తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ వెళ్ళవలసి ఉంటుంది, చిన్న పిల్లలను చూసుకోవడానికి పదేళ్ళ ఆడపిల్ల కావాలి. మా హాజరు పట్టీలో దానికి గళ్ళు లేవు కనుక అన్నీ గైర్హాజరు గళ్ళలోనే పడ్డాయి. చదవలేకపోవడానికి కారణం ఇంకా సులువుగా తెలిసేది. ఆ పిల్లకు బడిలో చేరే వరకు ఒడియా వినపడనే లేదు.

ఈ విషయంలో నేను సిగ్గుపడవలసిన సంగతి మరొకటి ఉంది. గిడుగు రామమూర్తి గారు 1880లో పర్లాకిమిడికి ఉపాధ్యాయుడిగా వచ్చి, ఇదే ఊళ్ళో ఉండి సవర భాష నేర్చుకొన్నారు. ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించడానికి పూనుకొన్నారు. ఆయన పుట్టిన రోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నప్పుడు నేనూ వేదిక ఎక్కి ఆయన గురించి ఉపన్యాసాలు ఇచ్చినదాన్నే. అదే ఊళ్ళో పదేళ్ళు సవర పిల్లలకు పాఠాలు చెప్పి, "ఎందుకు రాలేదమ్మా" అని వారి భాషలో అడగడం కూడా నేర్చుకోలేదు.

మరుసటి ఏడాది చివరి రోజు ప్రార్థనలో సవర పాట పాడుతున్నప్పుడు తల్లుల వరుసలో ఒకామె చేతిలో పుస్తకం చూశాను. పాటల పుస్తకం, అక్షరాలు ఇంగ్లీషువి. ఈమెకు ఇంగ్లీషు వచ్చా అని ఆశ్చర్యపోయి పక్కనున్న పాస్టరు గారిని అడిగితే నవ్వారు. మా కొండల్లో పనిచేసిన బాప్టిస్టు మిషనరీలు సవరను రోమన్ లిపిలో రాశారు కనుక, బడి ముఖం చూడని తల్లులు కూడా సంఘంలో ఆ అక్షరాలు నేర్చుకొని తమ భాషను చదువుతారని చెప్పారు. సవరను ఇంతకు ముందే రామమూర్తి గారు తెలుగు లిపిలో రాశారు. 1936లో మంగై గొమాంగో సొరంగ సొంపెంగ్ అనే ప్రత్యేక లిపినే తయారుచేశారు. బడి పుస్తకాల్లో ఒడియా లిపి వచ్చింది. ఇన్ని లిపులున్న భాష మాట్లాడే తల్లి చేతికి, ఆమె చదవలేని ఒకే ఒక లిపిలో రాసిన కాగితం ఇచ్చి, చదువురానిదని అనుకొన్నాను.

ఆ ఏడాది నుంచి పద్ధతి మార్చుకొన్నాను. కార్డులను పరీక్షల తరువాత ఒక్క రాత్రిలో కాకుండా, రోజుకు ఐదారు చొప్పున రాసేదాన్ని. రాసే ముందు ఆ పిల్లనో పిల్లవాడినో పిలిచి, ఈ సంవత్సరం నీకు వచ్చింది ఏమిటి, రానిది ఏమిటి అని అడిగేదాన్ని. పిల్లలు మన కన్నా కచ్చితంగా చెబుతారు, కొందరైతే మరీ కఠినంగా చెబుతారు. రిమార్కులో ఒక్క గుణపదం కూడా వాడకూడదని నియమం పెట్టుకొన్నాను. "చురుకైనవాడు" అని కాకుండా "భాగహారం మూడు అంకెల వరకు చేస్తాడు, శేషం రాయడం మరచిపోతాడు" అని రాయాలి. అది ఇంటి భాషలో ఉండాలి: తెలుగు ఇళ్ళకు తెలుగు, ఒడియా ఇళ్ళకు ఒడియా, సవర ఇళ్ళకు రోమన్ అక్షరాల్లో సవర. కార్డు ఆఫీసు కాగితమని, అందులో కనీసం ఒక వరుస ఒడియాలో ఉండాలని సహోద్యోగులు అన్నారు. వారి మాటలో న్యాయం ఉంది కనుక మొదటి గీత మీద ఒడియా, రెండో గీత మీద ఇంటి భాష అని సర్దుకొన్నాం. సవర వాక్యాలు మొదట్లో హాస్టలు వార్డెను చెబుతుంటే రాసుకొనేదాన్ని, తరువాత తరువాత ఐదో తరగతి పిల్లలే దిద్దిపెట్టేవారు. ఒడిశా ప్రభుత్వం 2007లో గిరిజన భాషల్లో బహుభాషా విద్యను మొదలుపెట్టి సవరను కూడా అందులో చేర్చినప్పుడు, మేము చేస్తున్నది పిచ్చిపని కాదన్న ధైర్యం కలిగింది.

ఐదో తరగతి ముగించినవారి విషయం కొంచెం వేరు. వారిలో కొందరు ఒడియా హైస్కూలుకు, కొందరు ఇంగ్లీషు మీడియానికి, కొందరు తెలుగు పిల్లలు టీసీ తీసుకొని పాతపట్నం వైపు వెళ్ళేవారు. ఏప్రిల్‌లో ఇక్కడ కొత్త తరగతి మొదలైపోయినా, అక్కడ జూన్ రెండో వారం దాకా బడి తెరవరు కనుక, ఆ పిల్లలు రెండు నెలలు ఏ బడికీ చెందకుండా మా గేటు ముందు తిరుగుతూ ఉండేవారు. అలాంటివారిని పిలిచి గ్రంథాలయం బీరువా దులపమనేదాన్ని. దులపడం కన్నా చదవడమే ఎక్కువ జరిగేది.

చివరి రోజు మధ్యాహ్నం అంతా ట్రంకు పెట్టెల చప్పుడే. గుణుపురం, కాశీనగరం వైపు వెళ్ళేవారు రైలుకు పోయేవారు. అది నౌపడా నుంచి వచ్చే చిన్న రైలుగా ఉన్న రోజుల్లో ఆలస్యమైతే పిల్లలు స్టేషనులోనే అన్నాలు తినేవారు, 2011లో పెద్ద లైను వచ్చాక ఆ తిరునాళ్ళ సందడి తగ్గింది. కొండల వైపు వెళ్ళేవారికి జీపులు వచ్చేవి. తల్లులు మా కోసం కొంగులో జీడిమామిడి పళ్ళు మూటగట్టి తెచ్చేవారు. ఆ రసం మరక గుడ్డ మీద పడితే పోదు. నా చీరలను చూసి ఏ ఏడాది ఎన్ని పళ్ళు వచ్చాయో చెప్పవచ్చు.

నేను పని విరమించిన సంవత్సరం చివరి కార్డు ఒక సవర తల్లిది. కొడుకు మూడో తరగతి పూర్తిచేశాడు. ఒడియా వరుస కింద, సవరలో, రోమన్ అక్షరాల్లో, ఎవరి సాయమూ లేకుండా నేనే ఒక వాక్యం రాశాను: పిల్లవాడు ఇప్పుడు కథ మొత్తం చదువుతాడు, చదివి తమ్ముడికి చెప్పమని అడగండి. ఆమె కార్డు అందుకొని, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కొని చదివింది. చివరికి వచ్చి ఆగింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. తరువాత నా చేతిలోని పెన్ను అడిగి తీసుకొని, ఒక మాటలో నేను తప్పుగా రాసిన అక్షరాన్ని కొట్టివేసి, పైన సరైనది రాసి, పెన్ను తిరిగి ఇచ్చింది. ప్రోగ్రెస్ కార్డులో దిద్దుబాటు ఉంటే పక్కన క్లాస్ టీచరు సంతకం ఉండాలన్నది మా బడి నియమం. ఆమె రాసిన అక్షరం పక్కన నేను పొట్టి సంతకం చేసి తేదీ వేశాను.