శాంతియుత నిరసనకు ముందస్తు అనుమతి తప్పనిసరా?

కాదు, అంతర్జాతీయ చట్టం ప్రకారం శాంతియుతంగా గుమిగూడటం హక్కు, అధికారులు దయతలచి ఇచ్చేది కాదు. 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలోని 21వ అధికరణం ఈ హక్కును గుర్తించింది. అనుమతి అడగాల్సి రావడమే దాన్ని బలహీనపరుస్తుందని 2020లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ తేల్చింది.

ముందుగా సమాచారం ఇమ్మనడం వేరు. ట్రాఫిక్ మళ్లించడానికి, రక్షణ కల్పించడానికి అలా అడగొచ్చు. హక్కు కరిగేది సరిగ్గా ఇక్కడే: సమాచారపత్రం కాస్తా దరఖాస్తుగా మారుతుంది, జవాబు రాకపోతే తిరస్కరించినట్టే లెక్క. ఉదాహరణకు, పొద్దున కస్టడీలో ఒకరు చనిపోతే సాయంత్రానికే జనం వీధిలోకి వస్తారు. ముందే చెప్పే వ్యవధి ఎక్కడిది? చెప్పలేదన్న ఒక్క కారణంతో వాళ్లను చెదరగొట్టకూడదు.

ఎవరో ఒకరు రాయి విసిరితే సభ మొత్తం చట్టవిరుద్ధమైపోతుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. విసిరినవాళ్లపైనే చర్య తీసుకోవాలి, మిగతావాళ్ల హక్కు అలాగే ఉంటుంది.