పెట్టె పారేయకండి: దారిలో పగిలిన సరుకుకి జవాబుదారీ ఎవరు?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో 43 అంగుళాల టీవీ కొన్నాం. అది వచ్చే సమయానికి ఇంట్లో మా అత్తగారు ఒక్కరే ఉన్నారు. ఓటీపీ చెప్పి పెట్టె లోపల పెట్టించుకున్నారు. రెండో రోజు బిగించడానికి కంపెనీ మనిషి వచ్చి తెరిస్తే తెర కింద ఎడమ మూల నుంచి పగిలి ఉంది. ఆయన కాగితం మీద ‘ఫిజికల్ డ్యామేజ్’ అని రాసి, నా చేత సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. అమ్మినవాళ్లు కొరియర్‌ని అడగమంటున్నారు. కంపెనీవాళ్లు వారంటీ వర్తించదంటున్నారు. మా డబ్బు పోయినట్టేనా?
— ఒక పాఠకురాలు, చీపురుపల్లి

జవాబు: పోలేదు. ముందు ఆ అట్టపెట్టె, థర్మోకోల్ ముక్కలు, పైన అంటించిన లేబుల్ అన్నీ అటక మీద భద్రంగా పెట్టండి. మీ కేసుకి ప్రాణం వాటిలోనే ఉంది. పగిలిన టీవీని జాగ్రత్తగా దాచుకుని, పెట్టెను చెత్తబండికి వేసేసేవాళ్లు చాలామంది. తెర పగిలిందన్న సంగతి ఎవరూ కాదనరు. ఎక్కడ పగిలిందన్నదే తగాదా. దానికి సాక్ష్యం చెప్పేది పెట్టే.

టీవీని పెట్టెలో మొదట ఉన్నట్టే నిలబెట్టండి. పడుకోబెట్టకండి, పగులు ఇంకా పాకుతుంది. పెట్టె బయట కింద ఎడమ మూల నలిగిందేమో, లోపల అదే మూలన థర్మోకోల్ విరిగిందేమో చూడండి. పగులు మొదలైన చోటు, ఆ నలుగుడు ఒకే వైపు ఉంటే దెబ్బ దారిలో తగిలిందని ఎవరికైనా అర్థమవుతుంది. ఆ మూడూ ఒకే ఫొటోలో కనిపించేలా ఒకటి తీయండి. లేబుల్ మీది పార్సిల్ నంబరు, టీవీ వెనక సీరియల్ నంబరు, బిల్లు మీది నంబరు వేరువేరుగా దగ్గర నుంచి తీయండి. వాట్సాప్‌లో పంపినవి కాకుండా ఫోన్‌లో ఉన్న అసలు ఫొటోలు దాచండి. వాట్సాప్‌లో వెళ్లిన ఫొటోలో తీసిన తేదీ వివరాలు మిగలవు.

మీరు పెట్టిన సంతకం గురించి బెంగ వద్దు, ఊరుకోనూ వద్దు. ఈ రోజే కంపెనీకి ఒక మెయిల్ రాయండి: ‘ఫలానా తేదీన మీ మనిషి పెట్టె తెరిచేసరికే తెర పగిలి ఉంది. నా సంతకం ఆయన వచ్చినట్టు మాత్రమే. ఆయన రాసిన కాగితం (జాబ్‌షీట్) నకలు పంపండి.’ చాలు. ఇక ముందు ఎవరు టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ తెప్పించుకున్నా, ‘పెట్టె తెరిచేసరికే పగిలి ఉంది’ అన్న మాట ఆ కాగితంలో రాయించాకే సంతకం పెట్టాలి. ‘ఫిజికల్ డ్యామేజ్’ అన్న రెండు మాటలే ఉంటే, మీ ఇంట్లోనే పగిలిందని వాదించడానికి వాళ్లకి వీలు దొరుకుతుంది.

వారంటీ వర్తించదన్నది నిజమే కావచ్చు. కానీ మీరు అడుగుతున్నది వారంటీ కాదు. మీ చేతికి మంచి సరుకు రాలేదు, అదీ మీ ఫిర్యాదు. కొరియర్‌ని కుదుర్చుకున్నది మీరు కాదు, అమ్మినవాళ్లు. వాళ్ల మధ్య లెక్కలు వాళ్లు చూసుకుంటారు. 2020 జులై 23న వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం, లోపం ఉన్న సరుకును వెనక్కి తీసుకోనని, డబ్బు తిరిగి ఇవ్వనని అమ్మకందారు అనడానికి లేదు. ఓటీపీ చెప్పడమంటే పెట్టె అందిందని చెప్పడమే, లోపలి సరుకు బాగుందని ఒప్పుకోవడం కాదు.

యాప్‌లో ఫిర్యాదు పెట్టేటప్పుడు ‘పగిలి వచ్చింది’ అన్నదే ఎంచుకోండి. ‘పనిచేయడం లేదు’ అని నొక్కితే మళ్లీ మెకానిక్‌ని పంపుతారు. ఈలోగా వాపసు గడువు దాటిపోతుంది. మీ ఆర్డర్ పేజీలో ఆ గడువు ఉంటుంది, ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. ఫిర్యాదు నంబరు రాసుకోండి. కస్టమర్ కేర్‌తో తేలకపోతే సైట్‌లో పేరుతో సహా ఇచ్చే గ్రీవెన్స్ ఆఫీసరుకి (ఫిర్యాదులు చూసే అధికారికి) మెయిల్ పెట్టండి. ఆయన 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలోపు తేల్చాలి. ఆపైన 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో డిస్ప్యూట్ (ఆ చెల్లింపు మీద అభ్యంతరం) వేసే దారి కూడా ఉంది. దానికీ గడువుంటుంది కాబట్టి ఆలస్యం చేయకండి.

అప్పటికీ కదలకపోతే విజయనగరంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌. అమ్మినవాళ్ల ఆఫీసు ఏ రాష్ట్రంలో ఉన్నా అక్కడికి పోనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయొచ్చు. కట్టిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. వకీలు తప్పనిసరి కాదు. బిల్లు మీద ఉన్న అమ్మకందారుని, సైట్‌ని ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టండి. ఒకరినే పెడితే రెండోవాళ్ల మీదకు తోసేస్తారు. ఫొటోలు, చాట్‌లు ప్రింటు తీసి జతచేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63(4) కింద ధ్రువపత్రం కూడా పెడితే, అది లేదు కాబట్టి అవి సాక్ష్యంగా చెల్లవన్న అభ్యంతరానికి చోటుండదు.

ప్రశ్న: మేం బొబ్బిలి దగ్గర వీణలు చేసి అమ్ముకుంటాం. 28,000 రూపాయల వీణను హైదరాబాద్‌కి లారీ ట్రాన్స్‌పోర్ట్‌లో పంపాం. కిరాయి 850 కట్టాం. చేరేసరికి సొరబుర్ర చితికిపోయి, మెట్లు జరిగిపోయి ఉన్నాయని కొన్నవారు ఫొటోలు పంపారు, డబ్బు తిరిగిమ్మంటున్నారు. రసీదు మీద ‘ఓనర్స్ రిస్క్’ (నష్టం సరుకు యజమానిదే) అని ఉంది కాబట్టి తమకు సంబంధం లేదంటున్నారు ట్రాన్స్‌పోర్ట్‌వాళ్లు. మేమేం చేయాలి?
— ఒక పాఠకుడు, విజయనగరం జిల్లా

జవాబు: ముందు కొన్నవారితో తేల్చుకోండి, తర్వాత ట్రాన్స్‌పోర్ట్‌తో. ఈ రెండింటినీ ముడిపెడితే ఏడాది దాటినా తెగదు.

ఏం దెబ్బతిన్నదో విడదీసి చూడండి. మెట్లు జరగడం పగలడం కాదు. తీగలు నొక్కే ఆ ఇరవై నాలుగు మెట్లూ నిలబడేది మైనం మీద. ఎండకు కాలిన లారీలో మైనం మెత్తబడి మెట్లు తప్పుకుంటాయి. హైదరాబాద్‌లో వీణ బాగుచేసేవారి చేత మళ్లీ కట్టిస్తే సరిపోతుంది, ఆ ఖర్చు మీరు పెట్టుకోండి. సొరబుర్ర మరతో బిగించేదే కాబట్టి కొత్తది పంపొచ్చు. దండిలో (పొడవాటి కాడలో) గానీ కుండలో (నాదం పలికే గుండ్రటి భాగంలో) గానీ పగులు ఉంటే మాత్రం మాట వేరు. ఏకాండి వీణలో అంతా ఒకే పనసచెక్క, అతికించినా నాదం మునుపటిలా ఉండదు. అప్పుడు డబ్బు తిరిగి ఇచ్చేయడమే న్యాయం. కొన్నవారిని దండి వెనక వైపు, కుండ అడుగు వైపు వెలుతురులో ఫొటోలు తీసి పంపమనండి. కిందపడ్డ వీణకి సన్నని పగులు ముందు అక్కడే వస్తుంది.

ఇక ట్రాన్స్‌పోర్ట్. రసీదు మీద ‘ఓనర్స్ రిస్క్’ అని అచ్చువేసినంత మాత్రాన వాళ్ల బాధ్యత పోదు. 2007 రోడ్డు రవాణా చట్టం ప్రకారం సరుకు పాడైతే వాళ్ల నిర్లక్ష్యాన్ని మీరు రుజువు చేయనక్కర్లేదు. అయితే ఆ చట్టం కింద వచ్చిన నియమాల్లో మీకు నష్టం చేసే మాట ఒకటుంది. ఎక్కువ రిస్క్ రేటు (ఎక్కువ బాధ్యత తీసుకున్నందుకు అదనపు కిరాయి) కట్టకపోతే వాళ్ల బాధ్యత కిరాయికి పది రెట్లకు మించదు. మీ లెక్కలో అది 8,500. మొత్తం డబ్బు తిరిగి ఇవ్వాల్సి వస్తే మిగతా 19,500 మీ మీద పడుతుంది. బుకింగ్ రోజునే విలువ 28,000 అని రాయించి, ఆ రేటు కట్టి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. ఇది తెలియక చాలామంది చేతివృత్తివాళ్లు నష్టపోతున్నారు, మాకు బాధగా ఉంది.

రాతపూర్వక నోటీసు బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు ఇవ్వాలి. సరుకు చేరిన తేదీ నుంచి లెక్కపెట్టుకుని పొరపాటు పడకండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

ఇకపై పంపే వీణకి సొరబుర్ర విప్పి వేరే పెట్టెలో పెట్టండి. తీగలు కొంత వదులు చేయండి, పూర్తిగా వదిలేస్తే గుర్రం (తీగలు ఆనే వంతెన) పడిపోతుంది. యాళి ముఖం (దండి చివర చెక్కిన తల) కింద, దండి మధ్యలో, కుండ చుట్టూ రెండేసి అంగుళాల ఫోమ్ ఉండాలి. ముఖం గాల్లో తేలితే ఒక్క కుదుపుకి మెడ దగ్గర విరుగుతుంది. బయట ప్లైవుడ్ పెట్టె. మూత వేశాక ఊపితే లోపల చప్పుడు రాకూడదు. సర్దుతున్నంతసేపూ వీడియో తీయండి, చివర్లో చిరునామా లేబుల్ చూపించండి. ఏప్రిల్, మే నెలల్లో వీలైతే రాత్రి బస్సు పార్సిల్ చూడండి, మైనానికి మంచిది.

ప్రశ్న: బుడితి కంచు గిన్నెలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. పగిలి వచ్చిందని ఒకరు వాపసు పంపారు. చూస్తే అది నేను పంపిన గిన్నె కాదు, పాతది. ఎలా నిరూపించాలి?
— ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: పంపేటప్పుడు తూకం రాసి ఉంటే సగం పని అయిపోయినట్టే. చేత్తో చేసిన గిన్నెలు రెండు ఒకే బరువు ఉండవు. ఇకపై ప్రతి బిల్లులో గ్రాములతో సహా, ‘640 గ్రా.’ అన్నట్టు రాయండి. అడుగున చిన్న గుర్తు కొట్టి దాని ఫొటో ఉంచుకోండి. వాపసు పార్సిల్‌ని ఎప్పుడూ మూత తీయకముందు నుంచీ వీడియో పెట్టి తెరవండి. లేబుల్, పార్సిల్ తూకం, గిన్నె తూకం ఒకే వీడియోలో రావాలి. మధ్యలో ఆపితే ఒప్పుకోరు. అమ్మకందారుల క్లెయిమ్‌కి సైట్లు చాలా తక్కువ రోజులే ఇస్తాయి, వచ్చిన రోజే వేయండి.

ఇంకొకటి: ఇత్తడి సొట్టపడుతుంది, కంచు చిట్లుతుంది. కంచు గిన్నె నిజంగా దారిలో దెబ్బ తిన్నదయితే అంచు నుంచి వెంట్రుకంత గీత కనిపిస్తుంది, గోటితో మీటితే గంటలా మోగకుండా బొంగురుగా పలుకుతుంది. ‘కంచు గిన్నెకి సొట్ట’ అని ఎవరైనా ఫొటో పంపితే, అది ఇత్తడి కాదు గదా అని ముందు చూసుకోండి.

ప్రశ్న: ఆముదాలవలస నుంచి ఒకరి దగ్గర పాత కెమెరా కొన్నాను. కొరియర్‌లో లెన్స్ పగిలింది. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చా?
— ఒక పాఠకుడు, పార్వతీపురం

జవాబు: ఆయన వ్యాపారి కాకుండా తన సొంత కెమెరా అమ్ముకుని ఉంటే కమిషన్ దారి కుదరదు, సివిల్ కోర్టే. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం కొరియర్‌కి అప్పగిస్తే మీకు అప్పగించినట్టే లెక్క. కానీ లెన్స్‌లాంటి సరుకుకి తగిన ఏర్పాటుతో పంపకపోతే ఆ నష్టాన్ని ఆయన మీద వేయొచ్చు. అందుకే డబ్బు పంపేముందు ‘దారిలో పగిలితే బాధ్యత నాదే’ అన్న ఒక్క మెసేజ్ ఆయన నుంచి తీసుకోవాలి. ఇప్పుడు ఆయన ఎలా సర్ది పంపారో ఫొటోలు అడగండి. ఇన్సూరెన్స్ చేయించారేమో కనుక్కోండి. చేయించి ఉంటే క్లెయిమ్ వేయాల్సింది బుక్ చేసిన ఆయనే కాబట్టి పెట్టె, పగిలిన లెన్స్ ముక్కలు ఆయనకి చూపించే వరకు కదపకండి.