శరత్కాలంలో బాస్ చేపకు మెత్తని ఎర: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్టోబరు మొదటి వారంలో మేమిద్దరం అక్కడికి వెళ్లి, సంక్రాంతికి ముందు తిరిగి వస్తాం. చిన్నప్పుడు బందరు కాలువ గట్టున కూర్చుని వానపాము గుచ్చి గాలం వేసిన అలవాటు తప్ప నాకు వేరే అనుభవం లేదు. మా వాడి స్నేహితులు స్విమ్‌బెయిట్ అనే రబ్బరు చేపపిల్లతో బాస్ చేపలు పడతారట. ఆ చేప శరత్కాలంలోనే బాగా పడుతుందని వారంటున్నారు. కారణం ఏమిటి? పడవ లేకుండా ఒడ్డున నిలబడి నేను పట్టగలనా?
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, పటమట, విజయవాడ

జవాబు: వారి మాట నిజమే. అయితే కారణం బాస్ చేపలో కన్నా అది తినే చేపలో ఎక్కువగా ఉంది. టెక్సాస్ జలాశయాల్లో మీవాళ్లు పట్టే పెద్దనోటి బాస్‌కు (లార్జ్‌మౌత్ బాస్) ముఖ్యమైన ఆహారం షాడ్ అనే వెండిరంగు చిన్న చేప, మన గోదావరి పులసకు అది దూరపు చుట్టం. ఎండాకాలమంతా షాడ్ గుంపులు జలాశయం నడుమ లోతైన నీటి మీద తిరుగుతూ ఉంటాయి. సెప్టెంబరు చివర్లో రాత్రులు చల్లబడి పైనీటి వేడి తగ్గడం మొదలవగానే అవి జలాశయంలో కలిసే వాగుల పాయల్లోకి, తక్కువ లోతు ఉన్న చోట్లకు మళ్లుతాయి. వాటి వెనకే బాస్ కూడా వస్తుంది. చలికాలంలో దానికి ఆకలి మందగిస్తుంది కనుక ఆలోపే కడుపు నిండా తిని ఒంట్లో కొవ్వు చేర్చుకుంటుంది. నీటి వేడి సుమారు 25 డిగ్రీల సెల్సియస్ నుంచి 15 డిగ్రీలకు దిగే వారాలు ఈ వేటకు అనువైనవి, 10 డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి చేప మళ్లీ లోతుకు పోయి బద్ధకిస్తుంది. మీరు మూడు నెలలు ఉంటారు కాబట్టి వెళ్లగానే మొదటి ఆరేడు వారాలను చేతిలో ఉంచుకోండి. చుట్టాల ఇళ్లకు తిరగడాలు డిసెంబరుకు పెట్టుకున్నా నష్టం లేదు.

ఆ వారాల మధ్యలోనే కొన్ని రోజులు ఎంత ప్రయత్నించినా ఒక్క చేప కూడా ముట్టకపోవచ్చు, అది మీ చేతివాటం లోపం కాదు. వేసవిలో లోతైన జలాశయంలో వెచ్చని నీరు పైన, చల్లని నీరు అడుగున విడివిడిగా నిలిచిపోతాయి, అడుగు నీటిలో ప్రాణవాయువు దాదాపు అయిపోతుంది. శరత్తులో పైనీరు చల్లబడి బరువెక్కి కిందికి దిగినప్పుడు ఆ రెండూ కలిసిపోతాయి. నీరు గోధుమ ఆకుపచ్చగా మారి, కొన్నిసార్లు కుళ్లు వాసన కూడా వేస్తుంది. అలాంటప్పుడు జలాశయం నడి భాగాన్ని వదిలేసి వాగు పాయ ఎగువ కొసకు వెళ్లండి, అక్కడ లోతు తక్కువ కనుక ఈ కలయిక ప్రభావం అంతగా ఉండదు.

ఒడ్డున నిలబడేవారికి ఇంతకు మించిన ఋతువు లేదు, ఎందుకంటే చేపే మీ దగ్గరకు వస్తుంది. గాలి ఏ గట్టు మీదికి కొడుతోందో ఆ గట్టునే ఎంచుకోండి, ముఖానికి గాలి తగిలి ఎర విసరడం కష్టంగా ఉన్నా సరే, అలలు చిరుచేపలను అటే నెడతాయి. కొంగలు ఒకే చోట కాచుకుని ఉన్నా, గల్ అనే నీటి పక్షులు నీటి మీదికి దూకుతున్నా, నీటిపైన చిన్నచిన్న వెండి మెరుపులు చెదురుతున్నా అక్కడ షాడ్ గుంపు ఉన్నట్టే లెక్క. నీటిలో మునిగిన చెట్టు మోడు, పడవలు కట్టే వేదిక కింది నీడ, రాళ్ల గట్టు ముగిసే మూల, ఇవన్నీ బాస్ పొంచి ఉండే తావులు.

ఇక చట్టం సంగతి. టెక్సాస్‌లో 17 ఏళ్లు నిండినవారు చేపలు పట్టాలంటే లైసెన్సు ఉండాలి, సందర్శకులకూ మినహాయింపు లేదు. ఒక్క రోజుకు కూడా లైసెన్సు ఇస్తారు. రాష్ట్ర పార్కుల లోపల ఒడ్డు నుంచి పట్టేటప్పుడు మాత్రం లైసెన్సు అక్కర్లేదు, కొత్తవారు అక్కడ మొదలుపెట్టడమే మేలు. పెద్దనోటి బాస్‌ను ఉంచుకోవాలంటే సాధారణ నియమం ప్రకారం అది కనీసం 14 అంగుళాల పొడవు ఉండాలి, రోజుకు అయిదుకు మించకూడదు. కొన్ని జలాశయాలకు వేరే నియమాలు ఉంటాయి. డల్లాస్‌కు తూర్పున ఉన్న లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ను తిరిగి వదిలేయాలి. గట్టు మీద ఉన్న బోర్డు చదవకుండా గాలం తీయకండి.

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. ఎమ్మెస్ చదువుకు ఆగస్టులో నార్త్ కరొలైనా వచ్చాను. నాన్నగారు ఈ శీర్షికను ఫొటో తీసి పంపుతుంటారు. నేను నాలుగు అంగుళాల స్విమ్‌బెయిట్లు కొన్నాను కానీ, లాగుతుంటే ఎర ఈదడానికి బదులు పక్కకు ఒరిగి గిరగిరా తిరుగుతోంది. ఎంత బరువు, ఏ రంగు, ఎంత వేగం వాడాలో కూడా చెప్పండి.
– విద్యార్థి

జవాబు: తప్పు ఎరది కాదు, గుచ్చిన తీరుది. సీసపు తల ఉన్న గాలాన్ని, అంటే జిగ్ హెడ్‌ను, ఎర పక్కన ఆనించి పట్టుకోండి. సీసపు తల ఎర మూతికి సరిగ్గా సమానంగా ఉన్నప్పుడు గాలం వంపు ఎక్కడికి వస్తుందో చూసి, ఎర వీపు మీద అక్కడ గోటితో నొక్కి గుర్తు పెట్టండి. ఇప్పుడు మొనను మూతి నడిమధ్యలో గుచ్చి, ఎరను కొద్దికొద్దిగా గాలం మీదికి ఎక్కిస్తూ, ఆ గుర్తు దగ్గరే బయటికి తీయండి. వీపు మీద ఎర రెండు సగాలు కలిసే అతుకు గీతకు మొన ఒక్క మిల్లీమీటరు పక్కకు వచ్చినా ఎర మెలితిరుగుతుంది, గుర్తుకు ముందే తీస్తే వీపు గూనిలా లేస్తుంది. అలా అయితే పీకి మళ్లీ గుచ్చడం తప్ప సర్దుబాటు ఉండదు. గుచ్చాక మీ కాళ్ల ముందు నీటిలో ఒక మూర దూరం లాగి చూడండి: తోక ఎడమకూ కుడికీ కొట్టుకుంటూ, ఒళ్లు స్వల్పంగా ఊగుతూ, పొట్ట మాత్రం ఎప్పుడూ కిందికే ఉండాలి.

నాలుగు అంగుళాల ఎరకు 4/0 సైజు గాలం సరిపోతుంది. లోతు మనిషి నిలువు కన్నా తక్కువైతే మూడున్నర గ్రాముల తల, రెండు మూడు మీటర్లైతే ఏడు గ్రాములు, ఇంకా లోతైతే పది నుంచి పద్నాలుగు గ్రాములు. చాలామంది దూరం పడుతుందన్న ఆశతో బరువు పెంచుతారు. బరువైన ఎరను అడుగుకు తగలకుండా ఉంచాలంటే వేగంగా లాగాల్సి వస్తుంది, శరత్తు ముదిరేకొద్దీ చేప కోరేది అందుకు విరుద్ధం. నాకైతే రంగు కన్నా పరిమాణమే ముఖ్యం. అక్కడి షాడ్ పిల్లలు సెప్టెంబరులో మూడు అంగుళాలే ఉంటే మీ ఎర కూడా అంతే ఉండాలి, నవంబరుకు అవి ఎదిగినప్పుడు మీరూ పెంచవచ్చు. తేట నీటిలో ముత్యపు తెలుపు, వీపు మీద బూడిద రంగు. బురద నీటిలో నలుపు లేదా నిమ్మపండు పసుపు. అంతకు మించి రంగుల మీద డబ్బు తగలేయనక్కర్లేదు.

విసిరిన తరువాత ఎర అడుగుకు చేరేదాకా ఆగండి. దిగేటప్పుడే చాలా బాస్‌లు అందుకుంటాయి, అప్పుడు చేతికి ఏమీ తెలియదు, గాలపు దారం ఉన్నట్టుండి వదులవడమో పక్కకు కదలడమో కంటికి కనిపిస్తుంది. అడుగు తగిలాక రాడ్ కొనను కిందికి ఉంచి, తోక ఆడడానికి సరిపోయేంత నెమ్మదిగా రీలు తిప్పండి, మధ్యమధ్యలో ఎర రాయినో మోడునో రాచుకుంటే మంచిదే. ఏదైనా తట్టిన తరువాత ఒక్క క్షణం తిప్పడం ఆపి మళ్లీ మొదలుపెట్టండి, వెనక వస్తున్న బాస్ చాలాసార్లు అక్కడే నోరు తెరుస్తుంది. ‘టక్’మని తగలగానే కొత్తవారు ఎగిరి గుంజుతారు, అప్పటికి చేప నోట్లో ఉన్నది తోక మాత్రమే. రీలు తిప్పుతూనే ఉండి, రాడ్ బరువుతో వంగినప్పుడు పక్కకు గట్టిగా ఊడ్చినట్టు లాగండి.

ప్రశ్న: మా బావమరిది అమెరికా నుంచి ఇవే ఎరలు తెచ్చాడు. ఈ దసరా సెలవుల్లో కృష్ణలో వేయాలని ఉంది. బాస్ లేకపోయినా మన చేపలు పడతాయా?
– తాడేపల్లి పాఠకుడు

జవాబు: చేపను వేటాడి తినే చేప ఏదైనా ఈ ఎరను పట్టుకుంటుంది. మన దగ్గర కొర్రమేను, వాలుగ, కిందికి నాగాయలంక వైపు ఉప్పునీరు కలిసే చోట పండుగప్ప ఆ కోవలోవి. బొచ్చె, శీలావతి మాత్రం దీని వంక చూడవు, వాటికి మీ పాత తవుడు ముద్దే దిక్కు.

అయితే దసరా అన్నారు, అక్కడే నాకు అభ్యంతరం. అమెరికాలో శరత్తు ఎందుకు మంచిదంటే నీరు చల్లబడి, నిలకడగా ఉండి, చిరుచేపలు ఒక చోటికి చేరుతాయి కనుక. మన శరత్తులో ఈ మూడింటిలో ఒక్కటీ జరగదు. ఆశ్వయుజంలో నీరు ఇంకా వెచ్చగానే ఉంటుంది, ఎగువ జలాశయాల గేట్లు ఎత్తితే నది ఎర్రగా పారుతుంది, చేపపిల్లలు ముంపు నీటితో పాటు పొలాల్లోకీ కాలువల్లోకీ చెల్లాచెదురవుతాయి. 2009 అక్టోబరులోనూ, 2024 సెప్టెంబరులోనూ ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిన సంగతి విజయవాడ వారికి చెప్పాల్సిన పని లేదు. ఆ నెలల్లో బ్యారేజీ దిగువ ఇసుక మీద నిలబడి గాలం వేయడం ప్రాణాలతో చెలగాటం.

కార్తీకం దాటి కాలువ నీరు తేటబడే దాకా ఆగండి. మార్గశిరం నుంచి వేసవిలో కాలువలు కట్టేసే రోజుల వరకు నీరు తగ్గేకొద్దీ చిరుచేపలు గుంటల్లోకి చేరుతాయి, అమెరికా శరత్తు చేసే పనిని ఇక్కడ ఆ నెలలు చేస్తాయి. కొర్రమేను గుర్రపుడెక్క అంచుల్లో ఉంటుంది కనుక మొన బయటికి కనిపించే జిగ్ హెడ్ పనికిరాదు, వంపు వెడల్పుగా ఉన్న గాలాన్ని ఎర ఒంట్లోనే దాచి గుచ్చాలి. ఈ చేప గాలి పీల్చడానికి పైకి వస్తుంది. బుడగ లేచిన చోటుకు రెండు బారలు అవతల ఎరను వేసి, ఆ దారిలో నెమ్మదిగా తీసుకురండి, సూటిగా దాని నెత్తిన పడేస్తే బెదిరిపోతుంది. వానాకాలంలో ఎర్రని పిల్లల గుంపు నీటి పైన ముద్దగా కదులుతూ కనిపిస్తే కింద తల్లిదండ్రులు కాపలా ఉన్నట్టు. కోపంతో అవి దేన్నయినా కరుస్తాయి, పట్టడం సులువే, కానీ పట్టిన గంటలో ఆ పిల్లలను ఇతర చేపలు తినేస్తాయి కనుక అక్కడ గాలం వేయవద్దు. ఊరి చెరువుల్లో చేపల హక్కు సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘానికి లీజుకు ఇస్తారు, ముందు వారిని అడగండి.

ప్రశ్న: డబ్బాలో పెట్టిన రబ్బరు ఎరలు కరిగి ఒకదానికొకటి అంటుకుపోయాయి. వేడి వల్లనా?
– లబ్బీపేట, విజయవాడ

జవాబు: మన మే నెల ఎండలో కారులో వదిలేస్తే వేడి వల్లే కావచ్చు. కానీ అసలు కారణం తరచుగా వేరు. ఈ ఎరలు ఎక్కువగా మెత్తబరిచిన పీవీసీతో చేస్తారు, సాగే గుణం ఎక్కువగా ఉన్న మరో రకం ప్లాస్టిక్‌తో చేసినవాటిని వీటితో కలిపి ఉంచితే రెండూ జిగురుగా కరుగుతాయి. ఏ రకం ఎరలను ఆ రకం వచ్చిన సంచిలోనే, తోక వంగకుండా ఉంచండి. వంగిన తోక ఆడదు. వేడి నీళ్లలో కాసేపు ముంచి, చాపి, చన్నీళ్లలో వేస్తే మళ్లీ తిన్నగా అవుతుంది.

ప్రశ్న: బాస్ పిల్లలను తెప్పించి మా చెరువులో వదలవచ్చా? గిరాకీ ఉంటుందేమో.
– పెదకాకాని రైతు

జవాబు: వద్దు. జపాన్‌లో 1925లో ఒక సరస్సులో ఈ చేపను వదిలారు. అది దేశమంతా పాకి స్థానిక చేపలను తినేస్తుంటే 2005లో ప్రాణంతో ఉన్న బాస్‌ను తరలించడాన్ని, పెంచడాన్ని చట్టంతో నిషేధించాల్సి వచ్చింది. ప్రపంచ రికార్డును పంచుకునే రెండు బాస్‌లలో ఒకటి 1932లో అమెరికాలోని జార్జియాలో దొరికితే, దానికి సమానమైనది 2009లో అదే జపాన్‌లోని బివా సరస్సులో పడింది. పదేసి కిలోల ఆ రెండు చేపల్లో జపాన్‌ది ఎన్ని స్థానిక చేపలను తిని అంత పెరిగి ఉంటుందో ఊహించుకోండి. మీ చెరువు గట్టు ఒక్క తుపాను వానకు తెగితే అవి కృష్ణా డెల్టా కాలువల్లో ఉంటాయి. గిరాకీ కావాలంటే కొర్రమేను, పండుగప్ప పెంచండి, వాటికి మార్కెట్ ఎప్పటి నుంచో ఉంది.