శిశుకేంద్రీకృత విద్య అంటే పిల్లల్ని వదిలేయడం కాదు

"పిల్లలకి నచ్చిందే చేయనివ్వాలంటే ఇక టీచర్ ఎందుకు? పరీక్షలో వ్యవహారికసత్తావాదం (ప్రాగ్మాటిజం, అంటే ఆలోచన విలువ ఆచరణలో తేలుతుందనే వాదం) ప్రశ్న అంటేనే టెన్షన్‌గా ఉంది" అని శిశుకేంద్రీకృత విద్య గురించి మీరు రాశారు. తత్వవేత్త రూసోని, అమెరికా విద్యావేత్త జాన్ డ్యూయీని ఒకే గాటన కట్టడం వల్లే మీకు ఈ చిక్కు వచ్చిందండి. రూసో ప్రకృతివాది, అంటే పిల్లలు ప్రకృతి సహజంగా ఎదగాలన్నవాడు. డ్యూయీ వ్యవహారికసత్తావాది, ఆయనకి పిల్లల ఆసక్తి మొదటి మెట్టు మాత్రమే. దాన్ని ఎటు నడిపించాలో ఆలోచించాల్సింది టీచరే.

1896లో చికాగో విశ్వవిద్యాలయంలో డ్యూయీ మొదలుపెట్టిన ప్రయోగశాల పాఠశాల ఉదాహరణ జవాబులో రాయండి. నాకు చాలా ఇష్టమైనది ఇది. పిల్లల చేతికి పత్తి, ఉన్ని ఇచ్చారు. అరగంట కూర్చుని గింజలు తీసినా ఒక్క ఔన్సు దూది కూడా రాలేదు. తమ పూర్వీకులు ఎక్కువగా ఉన్ని బట్టలే ఎందుకు వేసుకున్నారో అప్పుడు వాళ్లకే తెలిసింది. చరిత్ర, లెక్కలు, యంత్రం అవసరం అన్నీ ఆ దూదిలోంచే వచ్చాయి. ఆలోచన విలువ ఆచరణలో తేలుతుందనే వ్యవహారికసత్తావాదం ఇక్కడ కళ్లకు కడుతుంది.

పిల్లల్ని పూర్తిగా వదిలేసిన బడులను 1938లో 'ఎక్స్‌పీరియన్స్ అండ్ ఎడ్యుకేషన్' పుస్తకంలో డ్యూయీయే తప్పుపట్టారు. ప్రతి అనుభవమూ విద్య కాదన్నారు. మీ ప్రశ్నకి అసలు జవాబు అదే, దాన్ని తప్పక రాయండి. డ్యూయీ శిష్యుడు కిల్‌పాట్రిక్ ప్రాజెక్టు పద్ధతికి (1918; పిల్లలు ఒక పని చేస్తూ నేర్చుకునే పద్ధతి) ఒక్క వాక్యం చాలు.